జిరాక్స్ పనే కదా అనకండి!

డిగ్రీ చదివే మీ అమ్మాయి ఇంటర్న్‌షిప్‌లో చేరిన మొదటి వారానికే ముఖం ముడుచుకుందా? "పొద్దుట్నుంచీ జిరాక్సులు తీయడం, ఫైళ్లు సర్దడం, ఫారాలు అందించడం! దీనికోసమా రెండు బస్సులు మారి వెళ్లేది?" అని విసుక్కుందా? "పోనీ, మానెయ్యవే తల్లీ" అని మీరూ అనబోతున్నారా? కాస్త ఆగండి.

అబిడ్స్ పక్కనున్న గన్‌ఫౌండ్రీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. 'తోప్ కా సాంచా' అనే పాత పేరు అలా వచ్చిందే. తర్వాతి కాలంలో ఆ పేట బ్యాంకులకి పేరుపడింది. 1941లో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకే తరవాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయేదాకా దాని ప్రధాన కార్యాలయం గన్‌ఫౌండ్రీలోనే ఉండేది.

ఆ పేటలోనే ఒక బ్యాంకు శాఖలో మా వీధి అమ్మాయి, బి.కాం. విద్యార్థిని, రెండు నెలలు పనిచేసింది. డబ్బు ముట్టుకోనివ్వరు, కంప్యూటరు ముందు కూర్చోనివ్వరు. అన్నీ చిల్లర పనులే. వాటిలోంచే ఏం నేర్చుకుందో చూడండి.

జిరాక్స్: ఆధార్ కార్డుకి ముందువైపే కాపీ తీస్తే చాలదు. చిరునామా వెనకవైపు ఉంటుంది. కాపీ మీద సంతకం, తేదీతో పాటు ఎందుకోసం ఇస్తున్నామో కూడా రాస్తే ఆ కాగితం ఇంకోచోట వాడడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, అసలు కాగితం మిషన్‌లో మర్చిపోకుండా తిరిగి చేతికివ్వడం!

ఫారాలు: వెనక్కి వచ్చే ఫారాల్లో ఆడవాళ్లవే ఎక్కువగా కనిపించాయట. తప్పు వాళ్లది కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాస్‌బుక్‌లో ఒట్టి ఇనీషియల్. మనిషి ఒక్కరే అయినా కాగితాల్లో ముగ్గురు! పెళ్లయ్యాక ఏ పేరు ఉంచుకోవాలన్నది మీ ఇష్టం. కానీ ఆ పేరే అన్నిచోట్లా ఉండేలా చూసుకోండి.

ఫైళ్లు: ఈ పనే ఆ పిల్లని కదిలించింది. భర్త పోయిన ఒకావిడ ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం నాలుగుసార్లు తిరిగింది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, ఇంకా ఏవేవో... ప్రతిసారీ ఒక కాగితం తక్కువ. ఆ ఫైలులోని పాత దరఖాస్తు తీసి చూస్తే నామినీ గడిలో ఒట్టి గీత కొట్టి ఉంది. ఒక్క పేరు రాసి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు.

ఆ సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి, ఆవిడ పేరు ఊరు చెప్పకుండా (ఆఫీసులో చూసింది బయట చెప్పకూడదన్నది కూడా పాఠమే కదా!) తండ్రిని అడిగింది: "నాన్నా, మీ అకౌంట్‌లో నామినీ ఎవరు?" వెతికితే నానమ్మ పేరు ఉంది. పెళ్లికి ముందు రాసింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది! మర్నాడే ఫారం తెచ్చి తల్లి పేరు రాయించింది.

ఇక్కడ మీకోసం నాలుగు మాటలు.

* నామినీ అంటే ఆ డబ్బుకి యజమాని అని కాదు. బ్యాంకు నుంచి తీసుకుని చట్టప్రకారం వారసులకి అందజేయాల్సిన మనిషి.

* 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు.

* రెండేళ్లపాటు మీరు వేయడం, తీయడం లేకపోతే ఖాతా నిద్రపోతుంది. పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అప్పుడు కూడా మీ బ్యాంకు ద్వారానే అడిగి తెచ్చుకోవచ్చు.

* చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. బియ్యం డబ్బాలో దాచి మర్చిపోకండి.

ఇక అమ్మాయిలూ, మీకో మాట. చిన్న నోటుబుక్కు ఒకటి వెంట పెట్టుకోండి. రోజూ చేసిన పని, అది ఎందుకు చేస్తారో ఒక్కో వాక్యం రాసుకోండి. తెలియకపోతే సీనియర్‌ని, తీరిక చూసి, అడగండి. ఎవరి వివరాలూ ఫోటోలు తీయకండి.

అమ్మలూ, సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే "జీతమిస్తారా?" అని కాకుండా "ఇవాళ ఏం చూశావ్?" అని అడిగి చూడండి. అన్నట్టు, మీ ఇంట్లో పాస్‌బుక్ బీరువాలోనే కదా ఉంది? వంట అయ్యాక ఒకసారి తీసి నామినీ పేరు చూడండి. అందులో లేకపోతే రేపే బ్యాంకులో అడగండి.