గతుకుల దారి – నడుము జాగ్రత్త

ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోకి వెళితే, తారురోడ్డు విడిచిన దారుల్లో రాళ్లు, గుంతలే ఎక్కువ. బట్టల మూటలతో ఆ గూడేలకు మోటారు సైకిలుపై తిరిగే మన సోదరులలో కొందరు, మగ్రిబ్ వేళకు రుకూలో వంగలేక నడుము పట్టుకోవడం మేము చూస్తున్నాము.

కూర్చున్నవాని బండి గుంతలో పడితే ఆ అదురు నేరుగా వెన్నుపూసలకు, వాటి నడుమనున్న డిస్కులకు చేరుతుంది. కనుక గతుకు కనిపించగానే వేగం తగ్గించాలి. ఫుట్‌రెస్టులపై పాదాలు ఊని, మోకాళ్లు కొద్దిగా వంచి, సీటు నుండి కాస్త లేవాలి. అప్పుడు అదురును కాళ్లు భరిస్తాయి. వీపును గూనిగా వంచక, తుంటి వద్ద నుండి ముందుకు వాలాలి. మూటను వీపున మోయక బండికి బిగించి కట్టాలి. బరువుకు తగినట్లు వెనుక షాక్ అబ్జార్బర్లను మెకానిక్ చేత సరిచేయించుకోవాలి. గంటకొకసారి దిగి నాలుగడుగులు నడవాలి.

నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి పట్టినా వైద్యుణ్ణి కలవాలి. మలమూత్రాలపై అదుపు తప్పితే ఒక్క పూటైనా ఆగక ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి బరువంతా మోసేది ఆ నడుమే కదా!