వెనుక వచ్చేవాని కొరకు ఒక తీగ



గుంటూరు జిల్లా నుండి ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. మోటారు సైకిలంటే అతనికి ప్రాణం. మొన్న సెలవులకు బండి మీదనే ఇంటికి వచ్చి, వసారాలో గోనెపట్టా పరచుకొని, బండి బోల్టులు ఒక్కొక్కటిగా విప్పి, వాటి తలలకు డ్రిల్లుతో సన్నని రంధ్రాలు చేస్తున్నాడట. మళ్ళీ వాటిని బిగించి, తీగతో కలిపి మెలిపెట్టి కడుతున్నాడట. ఇదేమిటిరా అని అడిగితే, ట్రాక్ మీద నడపడానికి బండిని సిద్ధం చేస్తున్నానమ్మా అన్నాడట. బండి వాయిదాలు ఇంకా తీరలేదు. బాగున్న బండిని పాడు చేస్తున్నాడా, ప్రాణం మీదకు తెచ్చుకుంటున్నాడా, నేను ఆపాలా వద్దా అని ఆ తల్లి అడుగుతున్నారు.

అమ్మా, మీకు జవాబు వ్రాయడానికి మాకు ఒక అర్హత ఉన్నది. అది చెప్పుకొని గర్వపడే అర్హత కాదు.

మా తమ్ముని కుమారుడు కూడా చెన్నైలోనే ఉంటాడు. చెన్నై నుండి బెంగుళూరు పోయే రహదారి మీద, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై అనే ఊరు ఉన్నది. అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి పందెపు బాట ఉన్నది. 1990లో అది ప్రారంభమైంది. అంతకు ముందు ఈ పందేలు షోలవరంలో, యుద్ధకాలపు పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. ఇప్పటి బాట చుట్టు 3.7 కిలోమీటర్లకు కొంచెం పైన, మలుపులు 12. పందేలు లేని కొన్ని రోజుల్లో, రుసుము కట్టినవారు తమ సొంత బండిని అక్కడ నడుపుకోవచ్చు. దీన్ని ట్రాక్ డే అంటారు. ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు, స్కూలు పిల్లలు ఉండరు. వేగంగా నడపాలన్న కోరిక ఉన్న యువకుడు ఆ కోరికను జాతీయ రహదారి మీద కాక అక్కడ తీర్చుకోవడం మంచిదేనని మా అభిప్రాయం.

2019లో మా అబ్బాయి అలా ఒక ట్రాక్ డేకు పోతూ, చూడడానికి మమ్మల్ని కూడా రమ్మన్నాడు. ముందురోజు రాత్రి పదకొండు దాటేదాకా బోల్టులకు తీగలు కడుతూనే ఉన్నాడు. మాకు నవ్వు వచ్చింది. పందిరికి కట్టినట్టు బండికి ఈ కట్లేమిటిరా అన్నాము. తెల్లవారుజామున బయలుదేరబోతుంటే వాడు, "పెదనాన్నా, ఇంజను ఆయిల్ మూత ఒక్కటి మిగిలింది, పది నిమిషాలు ఆగండి" అన్నాడు. "చేత్తో గట్టిగా బిగించావు కదా, ఆలస్యమవుతుంది, పద" అన్నాము. వాడు పెద్దల మాట కాదనలేక తీగ చుట్ట పక్కన పెట్టి బయలుదేరాడు.

రెండవ విడతలో ఆ మూత వదులైంది. ఇంజను అదురుకు కొద్దికొద్దిగా తిరిగి, లోపలి వేడి ఆయిల్ బయటికి చిమ్మింది. ఒక మలుపులో బండి వెనుక చక్రం జారితే మావాడు ఎలాగో నిలదొక్కుకొని గడ్డిలోకి దిగిపోయాడు. వాడికి గీత కూడా పడలేదు. వాని వెనుక వస్తున్న యువకుడు మాత్రం ఆ ఆయిల్ మీద పడి దొర్లిపోయాడు. ఎర్ర చారలున్న పసుపు జెండా చూపించడం మొదలుపెట్టే లోపే అది జరిగిపోయింది. బాట జారుతున్నదని చెప్పే జెండా అది. సెషన్ ఆపివేసి, పనివారు సిమెంటు పొడి చల్లి చీపుళ్ళతో ఊడుస్తుంటే, మేము గోడ ఇవతల నిలబడి చూస్తున్నాము.

పడిన యువకుడిది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమే. కాలర్ బోన్ అంటారే, ఆ మెడ కింది ఎముక విరిగింది. అతడు లేత్ మిషను మీద పని చేసుకొని బ్రతికేవాడు. రెండు నెలలు పనికి పోలేకపోయాడు. ఆసుపత్రిలో అతని తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏదైనా అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రోజు మాకు అర్థమైన సంగతి ఇది. బోల్టుకు కట్టే తీగ ఆ బండి నడిపేవాని కొరకు మాత్రమే కాదు. అది ముఖ్యంగా వెనుక వచ్చేవాని కొరకు. మన బండిలోని ఆయిల్ మొదట పడేది పొరుగువాని చక్రం కింద.

ఇక ఈ పని ఎలా చేయాలో వివరంగా చెబుతాము. ఇందులో చాలా భాగం మా అబ్బాయికి తరువాత నేర్పినది ఆ కోయంబత్తూరు యువకుడే.

బోల్టులు ఎందుకు వదులవుతాయి? ఇంజను అదురు వలన, వేడికి వ్యాకోచించి చల్లారి సంకోచించడం వలన. ఊళ్ళో నడిపేటప్పుడు ఇంజను ఎప్పుడో ఒకసారి గాని పూర్తి వేగం మీద తిరగదు. ట్రాక్ మీద సెషన్ అంతా అదే పని. కనుక రోడ్డు మీద ఏళ్ళ తరబడి కదలని బోల్టు అక్కడ ఒక్క పూటలో కదలవచ్చు. విమానాల ఇంజనుల్లో బోల్టులకు ఇలాగే తీగ కట్టే పద్ధతి ఉన్నది. పందెపు బండ్లకూ అదే పద్ధతి వచ్చింది. అంతర్జాతీయ రోడ్డు పందేల నిబంధనలలో, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టులకూ, ఆయిల్ ఉన్న భాగంలోకి దిగే ఆయిల్ ఫిల్టరు బోల్టులకూ తీగ తప్పనిసరి.

ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. తీగ బోల్టును బిగించదు. బిగించవలసింది స్పానరే, అదీ కంపెనీ పుస్తకంలో చెప్పినంతే. తీగ చేసే పని, బిగించిన బోల్టు తిరిగి ఊడిపోకుండా పట్టుకోవడం. వదులుగా ఉన్న బోల్టుకు తీగ కట్టడం గడియ వేయని తలుపుకు దండ వేయడం వంటిది.

తీగ స్టెయిన్‌లెస్ స్టీలుది, 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్నది వాడాలి. ఇంటి కట్టుబడిలో ఇనుప కమ్మీలకు కట్టే బైండింగ్ వైరు పనికిరాదు. అది తుప్పు పడుతుంది, తెగుతుంది. ఒకసారి కట్టి విప్పిన తీగను మళ్ళీ కట్టకూడదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త తీగే.

రంధ్రం 1.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు. బోల్టును బండి మీద ఉంచి డ్రిల్లు చేయవద్దు. ఇనుప రజను ఇంజనులోకి పోతే ఖర్చు తప్పదు. బోల్టు విప్పి, వైసులో బిగించి, ముందుగా పంచ్‌తో ఒక గుంట కొట్టాలి. లేకపోతే బిట్టు జారిపోతుంది. డ్రిల్లును నిదానంగా తిప్పుతూ, నడుమ నడుమ చుక్క ఆయిల్ వేయాలి. తొందరపడితే సన్నని బిట్టు పుటుక్కున విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది. రెండు మూడు బిట్లు విరుగుతాయని ముందే లెక్క వేసుకోండి. ఆరు పలకల బోల్టుకు ఒక పలక నుండి పక్క పలకకు, మూల గుండా రంధ్రం చేయాలి. అలెన్ బోల్టుకైతే తల పక్కగోడ గుండా చేయాలి. ఏ బోల్టుకైనా తలకే గాని, మరలున్న కాడ జోలికి పోకూడదు. కాడకు రంధ్రం పడితే బోల్టు బలమే పోతుంది. రంధ్రం అంచులు గరుకుగా ఉంటే తీగను కోస్తాయి, వాటిని నునుపు చేయాలి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఈ శ్రమ అక్కరలేదనుకునేవారికి రంధ్రాలు చేసిన బోల్టులే దొరుకుతాయి.

ఇప్పుడు కట్టడం. మామూలు బోల్టు కుడివైపు తిప్పితే బిగుస్తుంది, ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. తీగ ఎప్పుడూ బోల్టును బిగిసే వైపుకే లాగుతూ ఉండాలి. ఈ పనిలో అసలు మెలకువంతా ఇదే. తిరగేసి కడితే, చూడడానికి ఎంత అందంగా ఉన్నా, ఆ తీగ వలన ప్రయోజనం లేదు. తీగను రంధ్రంలో దూర్చి, రెండు కొసలూ కలిపి, అంగుళానికి 6 నుండి 8 మెలికలు వచ్చేలా సమంగా పేనాలి. మెలికలు తక్కువైతే తీగ అదురుతుంది. మరీ ఎక్కువైతే పెళుసెక్కి తెగుతుంది. పక్కపక్కన రెండు బోల్టులు ఉంటే ఒకదానితో ఒకటి కలిపి కట్టవచ్చు. అప్పుడు ఒకటి వదులు కావాలంటే రెండవది ఇంకా బిగియాలి. ఒంటరి బోల్టునైతే కదలని గట్టి భాగానికి కట్టాలి. చివర అర అంగుళం మెలికలు మిగిల్చి, కత్తిరించి, కొసను లోపలికి వంచాలి. ఆ కొస సూదిలా ఉంటుంది. వంచకుండా వదిలితే తరువాత బండి తుడిచేవాని వేలు చీరుతుంది. తీగ కట్టే ప్రత్యేకమైన ప్లయర్ ఉన్నది, దాని పిడి లాగితే తీగ తనంతట పేనుకుంటుంది. ఓపిక ఉంటే మామూలు కటింగ్ ప్లయర్‌తోనూ పని జరుగుతుంది.

ముందుగా కట్టవలసినవి మూడు. డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టరు, ఆయిల్ పోసే మూత. ఫిల్టరు డబ్బాలా బయటికి ఉంటే దానికి రంధ్రం చేయకూడదు. గొట్టాలకు వేసే స్టీలు క్లిప్పును డబ్బా చుట్టూ బిగించి, ఆ క్లిప్పుకు తీగ కట్టాలి. ఫిల్టరు లోపల ఉండే బండికి దాని మూత బోల్టులకు కట్టాలి. ఆ తరువాత బ్రేకు కాలిపర్ బోల్టులు, చక్రాల ఇరుసు నట్లు చూడాలి. రేడియేటరున్న బండి అయితే కూలెంటు దించి మంచినీళ్ళు పోయాలి. కూలెంటులో ఉండే గ్లైకాల్ బాట మీద పడితే జారుడుగా ఉంటుంది, కడిగినా తొందరగా పోదు. ఇంటికి వచ్చాక మళ్ళీ కూలెంటు పోయడం మరువవద్దు.

తీగ కట్టని బోల్టులకు ఇంకొక చిన్న ఉపాయం ఉన్నది. బిగించిన తరువాత బోల్టు తల మీద నుండి పక్క భాగం మీదికి రంగుతో ఒక గీత గీయండి. బోల్టు కదిలితే గీత విరిగినట్టు కనబడుతుంది. ఇది ట్రాక్‌కు పోని వారికి కూడా ఉపయోగమే. రోజూ ఆఫీసుకు పోయే స్కూటరుకు కూడా గీసుకోవచ్చు.

అమ్మా, ఇక మీ ప్రశ్నకు వద్దాము. బోల్టు తలకు సరిగా చేసిన రంధ్రం వలన బండి పాడు కాదు. ఒకవేళ చెడితే ఆ ఒక్క బోల్టే మార్చుకోవచ్చు. ట్రాక్ మీద అపాయం లేదని మాత్రం మేము చెప్పము. అపాయం ఉన్నది, మేము కళ్ళారా చూశాము. అయితే మీ అబ్బాయి వసారాలో కూర్చొని గంటల తరబడి తీగ కడుతున్నాడంటే, అపాయాన్ని తేలికగా తీసుకోవడం లేదనే అర్థం. ఆపవద్దు, పక్కన కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి. ఆయిల్ ఉన్న మూడు చోట్లా కట్టావా? తీగ బిగిసే వైపుకే లాగుతున్నదా? హెల్మెట్టు, తోలు దుస్తులు, చేతి తొడుగులు, బూట్లు సరైనవేనా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే పంపండి. ఏ ఒక్కటి మిగిలిపోయినా, ఎంత ఆలస్యమైనా, ఆగమనండి. మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు.

మా అబ్బాయి ఇప్పటికీ ట్రాక్‌కు పోతున్నాడు. కోయంబత్తూరు యువకుడు కూడా కోలుకున్న తరువాత మళ్ళీ బండి ఎక్కాడు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. పోయే ముందురోజు రాత్రి మేము అక్కడ ఉంటే, మావాడు టార్చిలైటు మా చేతికి ఇచ్చి, "పెదనాన్నా, మీరొకసారి చూడండి" అంటాడు. మేము మోకాళ్ళ మీద వంగి, డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు, కాలిపర్లు ఒక్కొక్కటే వెలుగు వేసి చూస్తాము. ఆయిల్ మూతను చివరికి ఉంచుకుంటాము. దాని తీగను వేలితో పట్టి లాగి చూసిన తరువాతే టార్చిలైటు ఆర్పుతాము.