నేతయింటి వారసత్వము

పారిస్ నగరములోని పెద్ద దుస్తుల సంస్థలు తమను దుకాణములని గాని, కంపెనీలని గాని చెప్పుకొనుటకు ఇష్టపడవు. 'మేజోఁ' అని చెప్పుకొనును, అనగా ఇల్లు. ఫలానావారి ఇంట కుట్టిన అంగీ అనుటలో వారికొక పెద్దరికము. ఆ మాట వట్టి అలంకారముగా మిగిలిపోకుండ వారు జాగ్రత్తపడినారు. క్రిస్టియన్ డియోర్ 1905లో నార్మండీ తీరమునందలి గ్రాన్‌విల్ పట్టణమున జన్మించెను. ఆయన బాల్యము గడచిన ఇల్లు అచ్చట సముద్రమునకు ఎదురుగా మెరకమీద ఉన్నది. తండ్రి వ్యాపారము దెబ్బతిని దివాలా తీయగా ఆ ఇల్లు కుటుంబము చేయిజారి పట్టణమువారి ఆస్తి అయినది. డియోర్ 1946లో తన సంస్థను నెలకొల్పి, 1947 ఫిబ్రవరి 12న తొలి దుస్తులను ప్రదర్శించి ప్రపంచప్రసిద్ధుడై, 1957లో మరణించెను. మరి నలుబది ఏండ్లకు, 1997లో, ఆ ఇల్లు ఆయన పేరిట శాశ్వత ప్రదర్శనశాల అయినది. లూయీ వుయిటన్ వంశమువారి కథ వేరు. ఆయన 1859లో పారిస్ వెలుపల ఆనియేర్ అను ఊర పెట్టెల కార్ఖానా పెట్టెను. దానిని ఆనుకొనియే కుటుంబ నివాసము. ఆ కార్ఖానాలో ప్రత్యేకముగా కోరినవారికి నేటికిని పెట్టెలు తయారగుచున్నవి. ఒకచోట ఇల్లు మిగిలినది; రెండవచోట ఇంటితోపాటు పనియు మిగిలినది.

పరదేశపు శ్రీమంతుల ముచ్చట మనకేల అని సంగారెడ్డి ఉపాధ్యాయుడొకరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కాని ఇల్లే పనిచోటుగా, పనియే ఇంటిపేరుగా బ్రతికిన కుటుంబములు మన జిల్లాలలో ఉన్నన్ని పారిస్‌లో ఎన్నడును లేవు. మనము వారి ఇండ్లను 'ఇండ్లు' అని గౌరవించుట నేర్వలేదు, అంతే భేదము.

మన రాజధానిలో దుస్తులకొరకు ప్రసిద్ధి కెక్కిన నివాసము ఒకటి కలదు. అది పురానీ హవేలీ. 1869 నుండి 1911 వరకు రాజ్యము చేసిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దుస్తులకై అచ్చట నిర్మించిన కొయ్య బీరువాల వరుస రెండంతస్తులలో ఒక నిడుపాటి వసారాను పూర్తిగా ఆక్రమించియున్నది. పైఅంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పు లిఫ్టు కూడ కలదు. కట్టిన బట్ట ఆయన మరల కట్టలేదని చెప్పుకొందురు. 2000లో ఆ హవేలీలో నిజాము వస్తుప్రదర్శనశాల తెరచినారు. చూడదగినదే, పిల్లలను తప్పక తీసికొని పోవలెను. అయితే ఆ బీరువాల ముందు నిలిచిన విద్యార్థికి ఆ బట్టలు కట్టినవాని పేరు తెలియును, బట్టల సంఖ్యనుగూర్చిన కథలు తెలియును; వానిని నేసినవారి ఊరు, పేరు, నేతపద్ధతి అడిగినచో ఆ కొయ్య పలుకదు.

వానిని పలికించు ప్రయత్నము అదే నగరమున ఒక మహిళ చేసిరి. ఆమె సురయ్యా హసన్ బోస్ (1928–2021). పటాన్‌చెరు నుండి లింగంపల్లి, గచ్చిబౌలి మీదుగా నగరమునకు పోవువారికి రాయదుర్గము చేరువలో దర్గా హుస్సేన్ షావలీ తగులును. హుస్సేన్‌సాగరమును కట్టించిన పుణ్యాత్ముని సమాధి అది. ఆ ప్రాంతమున సురయ్యాగారి పినతండ్రి ఆబిద్ హసన్ సఫ్రానీకి భూమి ఉండెను. 1943లో నేతాజీతో కలసి జలాంతర్గామిలో ప్రయాణించినవాడు, 'జైహింద్' నినాదమును కూర్చినవాడుగా పేరొందినవాడు ఈ ఆబిద్ హసనే. ఆ కుటుంబమునకు బట్టయన్నది మొదటినుండియు రాజకీయము. ఖద్దరు ఉద్యమకాలమున వారి నివాసము ఆబిద్ మంజిల్ ఆవరణలోనే విదేశీ వస్త్రములు తగులబడినవి. అట్టి ఇంటి ఆడపడుచు కుటీర పరిశ్రమల విక్రయశాలలో పనిచేసి, ఢిల్లీలో చేనేత ఎగుమతుల సంస్థలో అనుభవము గడించి, తిరిగి వచ్చి, పినతండ్రి నేలమీద మగ్గములు నాటిరి.

ఆమె బ్రతికింపబూనినవి హిమ్రూ, మష్రూ అను దక్కను నేతలు. మష్రూ అనగా అరబ్బీలో 'ధర్మసమ్మతము'. పట్టు ఒంటికి తగులరాదన్న నియమము గల ముసల్మానులకై పుట్టిన నేత అది: పడుగు పట్టు, పేక నూలు, పట్టు పైకి మెరయును, లోపల నూలు ఒంటికి తగులును. శాస్త్రమును తప్పక, సొగసును వదలక నేతగాడు కనిపెట్టిన ఉపాయము! హిమ్రూలో నూలు పడుగుమీద అదనపు పట్టుపేకతో పూలు, లతలు తీర్తురు. ఈ పువ్వు ఎచ్చట ఉండును? కాగితముమీద కాదు. మగ్గముపై కట్టు 'జాలా' అను దారముల అల్లికలో, ఏ పోగును ఎప్పుడు లేపవలెనో ఆ ముడులలో ఉండును. ఆ దారములే గ్రంథము. దానిని చదువువాడు పోయినచో అది చిక్కుపడిన దారపుకుప్ప. నిజాము దర్బారు పోయి, కొనువారు తగ్గి, అట్టి కుప్పలు ఎన్ని పొయ్యిలో పడినవో! సురయ్యాగారు పాతకాలపు పనివారిని వెదకి తెచ్చి, ఆ జాలాలను మరల కట్టించి, విధవరాండ్రకు నేత నేర్పించి మగ్గములవద్ద కూర్చుండబెట్టిరి. ఆ ఆవరణలోనే సఫ్రానీ స్మారక పాఠశాల వెలసినది. నేతపని చేయువారి పిల్లలు అచ్చట చదివినారు. మగ్గము, బడి ఒకే ఆవరణలో ఉండుట ఉపాధ్యాయులు గమనింపవలసిన విషయము. గ్రాన్‌విల్ ఇంటిలో లేనిదియు, పురానీ హవేలీలో లేనిదియు అదే.

ఇక మన ఇండ్లు. 2016 వరకు మన మెదకు జిల్లాలోనిదే అయిన సిద్దిపేట నేతగాండ్రు తలమీద కుండ పెట్టుకొని నడచు గొల్లభామను చీరెమీద నేసిరి. ఆ చీరెకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గొల్లభామ ఏ ప్రభువు హవేలీలోను పుట్టలేదు. గుంటమగ్గము గల పెంకుటింటి ముందరి గదిలో పుట్టినది. 1960 దశకమున రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వచ్చినది, పిమ్మట పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పెరిగినది. నేతగాని కుమారుడు నెలజీతమునకు ఫ్యాక్టరీకి పోయినాడు. పోవుట తప్పనువారు ఒక్క నెల మగ్గముమీద బ్రతికి చూడవలెను. వారసత్వము పేరిట ఒకని బిడ్డను గుంటలో కూర్చుండబెట్టు హక్కు మనకు లేదు. అయితే ఆ గుంటను పూడ్చి సిమెంటు పోయుటకు ముందు ఎవరో ఒకరు పోయి, దాని కొలత వ్రాసికొని, ఆ ఇంటి ముదుసలితో రెండు గంటలు మాటలాడి రాకూడదా?

ఇది తెలుగు ఉపాధ్యాయుని పనియే అని నా దృఢ విశ్వాసము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి నేతృత్వమున మాండలిక వృత్తిపదకోశమును ప్రారంభించి, 1962లో వ్యవసాయ పదములను, 1971లో చేనేత పదములను ప్రకటించినది. పండితులు పుస్తకములు వదలి, ఊరూర తిరిగి, పనివారి నోటినుండి ఏరిన మాటలవి. నేడు మన తరగతిలో 'పడుగుపేకలవలె కలసిపోయిరి' అని వ్రాసిన పిల్లవానిని పడుగేది, పేకేది అని అడిగిన నీళ్లు నములును. 'ఆసులో కండెవలె తిరుగుచున్నాడు' అని అమ్మమ్మ నోట వినినవారు కొందరున్నారు. ఆసును చూచినవారు అరుదు. వస్తువు పోయిన పిమ్మట సామెత కొంతకాలము నిలుచును, పిమ్మట అదియు పోవును.

సంగారెడ్డి చేరువనున్న కొండాపురమునకు పిల్లలను విహారయాత్రకు కొనిపోవుచున్నాము. శాతవాహనుల నాణెములు, పూసలు చూపుచున్నాము. మంచిదే. రెండువేల ఏండ్ల పూసకు అద్దపుపెట్టె దొరకినది. ఇరువది ఏండ్ల క్రిందటివరకు ఆడిన నాడె అటకమీద చెదలపాలగుచున్నది. 2015 నుండి ఏటేట ఆగస్టు 7న జాతీయ చేనేత దినమును జరుపుచున్నాము. ఆనాడు పిల్లలచేత నినాదములు పలికించి వీధులు త్రిప్పుటకు బదులు, మగ్గమున్న ఇల్లు ఎచ్చట మిగిలినదో వెదకి పది మందిని అచ్చటికి పంపవచ్చును. ఒకడు ఇంటి పటము గీయును, ఒకతె పనిముట్ల పేర్లు ఆ ఇంటివారు పలికినట్లే వ్రాసికొనును, మరొకడు ఆ ఇంట నేసిన చివరి చీరె ఎవరికి అమ్మినారో అడుగును. ఆ వ్రాతప్రతి ఒకటి బడిలో, ఒకటి ఆ ఇంటిలో ఉండవలెను. 1971 నాటి పదకోశమును ప్రక్కన పెట్టుకొని, అందులోని మాటలలో ఎన్ని ఆ ముదుసలి నోట ఇంకను పలుకుచున్నవో లెక్కించుట పదవ తరగతి విద్యార్థికి కష్టమైన పనియేమియు కాదు. వచ్చు ఆగస్టునకు ఇంకను వ్యవధి ఉన్నది. ముదుసలులకు ఎంత వ్యవధి ఉన్నదో చెప్పలేము గనుక ఈ ఆదివారమే వెళ్లినను తప్పులేదు.