రాజు బల్ల, తాతల సంకటి

మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని (1 కొరింథీ 6:19) ఆదివారం ప్రసంగిస్తాం. ఆ ఆలయంలోకి సారా, చుట్ట రాకూడదని గట్టిగానే హెచ్చరిస్తాం. ఆరాధన ముగియగానే అదే ఆవరణలో ప్రేమవిందు. బిర్యానీ, మైదా పరోటా, మిఠాయి, చివర కూల్‌డ్రింకు. ప్రార్థన చేసి మొదటి విస్తరి ముందు కూర్చునేది పాస్టర్లమైన మేమే. మా బరువు, రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు గారు మందలించిన రోజున గానీ ఈ తేడా మాకు తట్టలేదు.

జొన్న సంకటి, సజ్జ రొట్టె, కొర్రన్నం మన పల్నాటి తాతల తిండి. శ్రీనాథుడు ఇక్కడికొచ్చి ఆ కూడు తినలేక చాటుపద్యాల్లో వెక్కిరించాడని చెబుతారు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లొచ్చాయి, మెట్టచేలు మాగాణులయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, దేవునికి స్తోత్రం. అయితే దాంతోపాటే సంకటి తినడం నామోషీ అయింది. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పడితే తవుడుతోపాటు పీచు, బి విటమిన్లు చాలావరకు పోతాయి. ఆ తవుడు గేదెలకు పెట్టి, విటమిన్లకు మనం మాత్రలు కొనుక్కుంటున్నాం.

బరువు తగ్గాలనుకునే విశ్వాసులు కొందరు దానియేలును ఆదర్శంగా చూపుతారు. కానీ రాజు భోజనం వద్దని శాకధాన్యాదులు, నీళ్లు తీసుకున్న ఆ నలుగురు యువకులు పది దినాల తర్వాత చిక్కిపోలేదు. హెబ్రీ మూలం ప్రకారం మిగతావారికంటే కండపట్టి కళగా కనిపించారు (దానియేలు 1:8-16). తన కంచంపై అధికారం రాజుదా, దేవునిదా అన్నదే అక్కడ దానియేలు తేల్చుకున్న ప్రశ్న. కాబట్టి లావుగా ఉన్న సహోదరిని చిన్నచూపు చూసే హక్కు ఈ వాక్యం ఎవరికీ ఇవ్వదు. అన్నపానాల విషయంలో తీర్పులు తగవన్నది పౌలు బోధ కూడా (కొలొస్సయి 2:16).

నేటి రాజు బల్ల ఫ్యాక్టరీ ప్యాకెట్లలో వస్తోంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ ఆహారం, రెండు వారాలు సహజాహారం పెట్టారు. ఎంత తినాలో వారి ఇష్టానికే వదిలేశారు. ఫ్యాక్టరీ ఆహారమప్పుడు వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిని, సుమారు కిలో బరువు పెరిగారు. సహజాహారంతో దాదాపు అంతే తగ్గారు. అంటే లోపమంతా తినేవారి నిగ్రహంలోనే లేదు. ఆ తిండే మరికాస్త తినిపిస్తుంది.

1849లో గురజాలలో సేవ మొదలుపెట్టిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారు అంతకుముందే వైద్యం చదివి వచ్చారు. ఆత్మతోపాటు దేహాన్నీ పట్టించుకునే సేవ పల్నాడు సంఘాలకు కొత్తేమీ కాదు.

ఒకప్పటి బీదల కొర్రలు ఇప్పుడు బియ్యం కంటే ప్రియమయ్యాయి. రేషన్ బియ్యంతో సంసారం ఈదే ఇల్లాలికి ‘చిరుధాన్యాలే తినమ్మా’ అని ప్రసంగిస్తే అది మోయలేని బరువు అవుతుంది. అందుకే మార్పు సంఘం ఖర్చుతో, సంఘం బల్ల దగ్గరే మొదలవ్వాలి. ప్రేమవిందులో జొన్నరొట్టె, పప్పు, గోంగూర, మజ్జిగ వడ్డిద్దాం. కూల్‌డ్రింకు మానేద్దాం. ఇంట్లోనూ ఉన్నంతలో అన్నం కాస్త తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచవచ్చు. షుగరు మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా మాత్రలు మానకూడదు, తగ్గించకూడదు.

తినడం, తాగడం కూడా దేవుని మహిమ కోసమేనన్నాడు పౌలు (1 కొరింథీ 10:31). వచ్చే ప్రేమవిందులో సంకటి ముద్ద మొదట పాస్టరు విస్తట్లోనే పడాలి.