లెక్కలోకి రాని నాలుగో స్టేజీ

అక్టోబరొస్తే చాలు, మన ఆఫీసుల్లో లిఫ్టు దగ్గర్నించి కాఫీ మెషీను దాకా గులాబీ రిబ్బన్లే. హెచ్చార్ నుంచి ఓ మెయిలు, ఓ టీషర్టు, ఆదివారం పొద్దున్నే ఓ నడక. "ముందుగా కనుక్కుంటే నయమవుతుంది" అని నినాదం. మంచిదే, కాదన్ను. కానీ అక్కడ నడిచేవాళ్ళని ఒక్కటడిగి చూడండి: రొమ్ము క్యాన్సర్ ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకిన ఆడవాళ్ళు మన దేశంలో ఎంతమందున్నారు? జవాబు రాదు. పాపం వాళ్ళ తప్పేం కాదు, ఆ లెక్క కట్టే పద్ధతే లేదు.

మన భాషలో చెప్తా. క్యాన్సర్ రిజిస్ట్రీ అంటే ఓ టేబుల్. రోగం మొదటిసారి బయటపడ్డప్పుడు ఒక ఇన్సర్ట్. మనిషి పోతే, ఆ కబురు అందితే, ఒక అప్‌డేట్. మధ్యలో రోగం తిరగబెట్టిందా, పాకిందా అన్నదానికి మామూలుగా కాలమే ఉండదు!

ఇది మన ఒక్కళ్ళ దరిద్రమే అనుకోకండి. అమెరికా రిజిస్ట్రీలదీ చాలాకాలం ఇదే కథ. 2017లో అక్కడి నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఉన్న డేటాలోంచే వెనక్కి లెక్కగట్టి, ఇలా పాకిన దశలో బతుకుతున్న ఆడవాళ్ళు లక్షా యాభైవేల పైచిలుకు అని తేల్చారు. అందులో నలుగురిలో ముగ్గురికి రోగం మొదట బయటపడింది ముందు స్టేజీల్లోనే. అంటే నినాదం చెప్పినట్టే చేసినవాళ్ళు. ముందుగా కనుక్కోవడం దండగని కాదు నేననేది, అలా కనుక్కున్నవాళ్ళలో ఎక్కువమందికి అసలు పాకదు. కానీ పాకినవాళ్ళకి ఆ నినాదం ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. "నువ్వే ఆలస్యం చేశావ్" అన్నట్టు.

సరే, ఒక టెస్ట్ కేసు తీసుకుందాం. ఉరుకుంద ఈరన్నస్వామి తెలుసుగా, శ్రావణమాసంలో కర్ణాటక నుంచి కూడా జనం తరలివచ్చే క్షేత్రం. ఆ ఊళ్ళో నలభై ఐదేళ్ళ ఒకావిడ అనుకోండి. రెండో స్టేజీలో కర్నూల్లో ఆపరేషనైంది, కీమో అయింది. మూడేళ్ళకి నడుంనొప్పి. అప్పటికి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసెళ్ళి ఉంది. "బరువులెత్తే మనివి, ఉండదా?" అని ఆరెంపీ మాత్రలిస్తాడు. రోగం వెన్నెముకకి పాకిందని ఎవరికీ తట్టదు. ఇంట్లోనే పోతే "నడుంనొప్పితో మంచాన పడి పోయింది" అంటారు. ఏ టేబుల్లోనైనా ఆవిడ ఉంటే, ఇప్పటికీ రెండో స్టేజీలోనే, బతికే ఉంటుంది.

అసలు ఉంటే కదా! ఐసీఎంఆర్ 2020లో వేసిన నివేదికలో దేశం మొత్తమ్మీద 28 రిజిస్ట్రీల లెక్కలున్నాయి. హైదరాబాద్ ఉంది, రొమ్ము క్యాన్సర్లో లక్షకి 48తో అన్నిటికంటే పైన. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. "పట్నాల్లోనే ఎక్కువండీ, పల్లెల్లో తక్కువ" అంటారు చాలామంది. హైదరాబాదులో ఎక్కువన్నది కొలిచి చెప్పిన మాట. ఉరుకుందలో తక్కువన్నది ఎవరు కొలిచారు?

2022కి వేసిన అంచనాల ప్రకారం మన దేశంలో కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు సుమారు 1,92,000, చావులు 98,000. రొమ్ములోనే ఉండిపోయిన గడ్డ ప్రాణం తీయదు, పాకితేనే తీస్తుంది. అంటే ఆ 98 వేలమందిలో దాదాపు అందరూ ఈ ప్రశ్నకి జవాబే. కాకపోతే పోయాక.

"నంబరెందుకయ్యా, మందులు కావాలి గానీ" అంటారని తెలుసు. నంబరు లేకుండా మందులెన్ని కొంటారు? పాకిందంటే రేపే పోతారని కాదు, హార్మోన్ మాత్రలతో ఏళ్ళ తరబడి బతికేవాళ్ళున్నారు. ఎముక నొప్పికి చాలామందికి ఒక్క విడత రేడియేషన్‌తోనే ఉపశమనం వస్తుంది. మార్ఫిన్ ఖరీదైన మందేం కాదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇవి ఎంతమందికి కావాలో తెలీకుండా బడ్జెట్ ఎలా వేస్తారు?

డేటా లేదా అంటే, ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. ఇన్నేళ్ళ క్లెయిములు కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఒకే కార్డు మీద ముందు రొమ్ము ఆపరేషన్, కొన్నేళ్ళకి ఎముకకి రేడియేషన్ కనబడితే అదేంటో డాక్టరే చెప్పాలా? ఒక్క జాయిన్. పూర్తి లెక్క రాదు, జేబులోంచి పెట్టుకున్నవాళ్ళు తప్పిపోతారు, అయినా సున్నా కంటే నయం. పేర్లు తీసేసి డేటా ఇస్తే, బెంచి మీద ఖాళీగా కూర్చున్న ఇద్దరు నెల రోజుల్లో చేసిపెడతారు. వచ్చే అక్టోబరుకి మీ హెచ్చార్ మెయిలొచ్చినప్పుడు, టీషర్టు సైజు రాసే చోట ఈ మాట రాసి పంపండి. నేనైతే పంపుతున్నా.