రాచరికపు జమాఖర్చులు

విదేశీ ప్రధాని ఎవరు ఢిల్లీ వచ్చినా ఏజెన్సీ వార్తలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఉభయ దేశాల ప్రతినిధి వర్గాలు హైదరాబాద్ హౌస్‌లో సమావేశమై చర్చలు జరిపాయి. ఏళ్ల తరబడి దానిని తెలుగు చేస్తున్న ఈ వ్యాసకర్త చేతికి ఆ వాక్యం ఆలోచించకుండానే వచ్చేస్తుంది. ఆ భవనం ఎవరిది, ఎవరి సొమ్ముతో లేచిందనే ప్రశ్నకు వార్తలో చోటుండదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం 1920వ దశకంలో ఎడ్విన్ లుటియెన్స్ రూపొందించిన సౌధమది. ఇండియా గేట్ పరిసరాలలో దానికి సాటి భవనాలు మరికొన్ని ఉన్నాయి. బరోడా హౌస్ ఉత్తర రైల్వే ప్రధాన కార్యాలయమైంది. పటియాలా హౌస్‌లో కోర్టులు నడుస్తున్నాయి. జైపూర్ హౌస్‌లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఉంది. రాజులు వెళ్లిపోయారు, ఫైళ్లు వచ్చాయి.

అయినా రాజు కావాలనే కోరిక పూర్తిగా పోలేదు. 2008లో రాచరికాన్ని రద్దు చేసుకున్న నేపాల్‌లో 2025 మార్చిలో రాజు తిరిగి రావాలంటూ ఊరేగింపులు జరిగాయి, ఖాట్మండూలో ప్రాణనష్టం కూడా సంభవించింది. మన వద్ద ఎవరూ ఊరేగింపు తీయకపోవచ్చు. కాని ‘ఒక్కడు గట్టిగా పాలిస్తే తప్ప ఈ దేశం బాగుపడదు’ అనే మాట రైలు పెట్టెలో వినిపిస్తుంది, టీ కొట్టు వద్దా వినిపిస్తుంది. హైదరాబాద్ ప్రస్తావన వచ్చేసరికి ఆ మాటకు సాక్ష్యం కూడా సిద్ధంగా ఉంటుంది: నిజాం కట్టించిన చెరువు, నిజాం కట్టించిన ఆస్పత్రి.

ఆ సాక్ష్యాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలాది మందిని బలిగొన్నది. అప్పటి ఆరవ నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆ తరువాత గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది, 1920లో గండిపేట జలాశయం పూర్తయింది, హిమాయత్ సాగర్ దాని వెంట వచ్చింది. ఎన్నికల గడువు లేదు, ప్రతిపక్షం లేదు, నిర్ణయం జరిగితే పని జరిగింది. ఆ మాటకొస్తే నేటి న్యూఢిల్లీ సైతం ఒక రాజు నోటి మాటే. 1911 డిసెంబర్ 12న దర్బారులో అయిదవ జార్జి ప్రకటించే వరకు రాజధాని కలకత్తా నుంచి తరలనున్న సంగతి అతికొద్దిమందికి తప్ప తెలియదు. వేగం, దీర్ఘకాలిక దృష్టి రాచరికానికి ఉన్న సుగుణాలని ఒప్పుకోవలసిందే.

అయితే ఆ వేగం చెరువుల వద్ద ఆగదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లోని వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. సంస్థానంలో అత్యధికుల భాష తెలుగు, పాలకుల భాష ఉర్దూ. రాజాదరణ లేని భాషకు సభలోనూ మర్యాద దక్కలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ దశాబ్దం చివరలో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం బహిరంగ సభకు ముందుగా అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఆ ఉత్తర్వును ఏ శాసనసభా చర్చించలేదు, రద్దు చేయమని అడగడానికి సభ పెట్టుకోవాలన్నా ఆ ఉత్తర్వే అడ్డు! సంస్థానంలో సుమారు పదో వంతు భూమి ‘సర్ఫేఖాస్’ పేరిట నిజాం సొంత ఖర్చుల కోసం ఉండేది. జాగీరు గ్రామాలు వేరు. దొరల గడీలలో వెట్టి సరేసరి.

రాచరికపు అసలు నష్టం రాజు చెడ్డవాడు కావడంలో లేదు. పొరపాటు చేసినపుడు అతనిని శాంతియుతంగా తప్పించే దారి లేకపోవడంలో ఉన్నది. 1947 ఆగస్టు తరువాత హైదరాబాద్ ఎటు పోవాలో నిర్ణయించవలసింది ఒకే ఒక్క మనిషి. ఆయన తేల్చలేదు. ఆ పదమూడు నెలలలో రజాకార్ల దౌర్జన్యాలు పెచ్చరిల్లాయి. చివరకు 1948 సెప్టెంబర్ 13న సైన్యం ప్రవేశించింది, అయిదు రోజులలో కథ ముగిసింది. అయితే ఆ సైనిక చర్య సమయంలోనూ, ఆ తరువాతా చెలరేగిన హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. మృతులలో అత్యధికులు సామాన్య ముస్లిములు. రాజు తాత్సారానికి మూల్యం చెల్లించినది రాజు కాదు. ఆయన 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా కొనసాగారు, ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం పొందారు.

రాజభరణాల రద్దు కూడా తేలికగా జరగలేదు. 1970 సెప్టెంబర్ 5న రాజ్యసభలో ఆ బిల్లుకు అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు వచ్చాయి. మూడింట రెండు వంతులకు తగ్గినది ఒక ఓటులో మూడో వంతు మాత్రమే. మరునాడే తెలుగువాడైన రాష్ట్రపతి వి.వి.గిరి రాజుల గుర్తింపును రద్దు చేస్తూ ఉత్తర్వుపై సంతకం చేశారు. డిసెంబర్ 15న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1971 ఎన్నికల అనంతరం 26వ రాజ్యాంగ సవరణతో గాని పని పూర్తి కాలేదు. ఇక్కడ ఒక విషయం గమనార్హం: సంతకం ఒక్కటే చాలని భావించిన ప్రజా ప్రభుత్వానికి అది చాలదని చెప్పగల కోర్టు ఉన్నది. అటువంటి కోర్టును తలపై పెట్టుకున్న నిజాం ఎవరూ లేరు. ఆ కోర్టు వల్ల ఆలస్యమైన మాట నిజమే. ఆ ఆలస్యం ఖర్చుగా రాసుకోవలసినదే, దండుగగా కాదు.

ఖర్చు మాట వచ్చింది గనుక మరొకటి. నిజాం ఆభరణాలు 173 వస్తువులను 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉండే ఆ నగలను 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ప్రదర్శించారు. తాతలు శిస్తుగా చెల్లించిన దానిని మనుమలు పన్నులతో కొనుక్కొని, టిక్కెట్టు తీసుకొని చూశారన్నమాట.

బ్రిటన్, జపాన్, నార్వేలలో రాచరికం ఉన్నా ప్రజాస్వామ్యం లేదా అని అడిగేవారున్నారు. ఉన్నది, అక్కడ రాజు పాలించడు గనుక. స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ 1981 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటును అడ్డుకొని ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టారు. ఆయనే 2014లో గద్దె దిగి, ఆర్థిక ఆరోపణల నడుమ 2020లో దేశం విడిచారు. ఒకే మనిషిలో లాభమూ నష్టమూ రెండూ కనిపిస్తాయి. భూటాన్ ఇంకొంచెం తెలివిగా ఆలోచించింది. 65 ఏళ్లు నిండిన రాజు గద్దె దిగాలని 2008 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్నది. మన మంత్రులకు ఆ నిబంధన పెడితే ఎందరు మిగులుతారో! ఇక నేపాల్ యువతరం 2025 సెప్టెంబర్‌లో ప్రభుత్వాన్ని కూలదోసినపుడు తాత్కాలిక ప్రధానిగా కోరుకున్నది మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీని. అవకాశం చేతికి వచ్చినా రాజును గద్దెనెక్కించలేదు.

మన సంగతే కాస్త తికమక. రాజభరణాలు రద్దు చేసుకున్నాం గాని, నియోజకవర్గాన్ని తండ్రి నుంచి కొడుక్కి దఖలు పరచే ఆచారాన్ని అన్ని పార్టీలూ భద్రంగా కాపాడుకుంటున్నాయి. రాచరికంలో లాగానే అర్హతకు పుట్టుకే కొలబద్ద, కాకపోతే అయిదేళ్లకోసారి ఓటరు సంతకం కావాలి. ఇందులో పత్రికల పాలూ లేకపోలేదు. నాయకుని కుమారునికి పదవి దక్కిన రాత్రి ‘యువరాజుకు పట్టాభిషేకం’ అని శీర్షిక పెట్టేది డెస్క్‌లో కూర్చున్న మాబోటివారమే. ఆ శీర్షికపై అభ్యంతరం చెబుతూ పాఠకుల నుంచి ఇంతవరకు ఒక్క ఉత్తరమైనా రావడం ఈ వ్యాసకర్త ఎరుగడు.