సాత్ గుంబద్ నిలబడింది.. మరి గోల్కొండ గల్లీల సంగతేంటి?

హైదరాబాద్: చేతిలో ఫోన్ ఉంటే ప్రపంచంలోని ఏ కట్టడాన్నైనా చూసేయొచ్చు. అయినా సెలవు రోజు వస్తే జనం గోల్కొండ మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలా హిసార్‌లో వినిపించిందా అని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. 1687లో కోట ఔరంగజేబు సైన్యం వశమైంది. పాలకులు పోయారు, వజ్రాల వ్యాపారం పోయింది. మోజు మాత్రం పోలేదు.

కారణం సింపుల్. ఇలాంటివి మళ్లీ తయారు కావు. షాపింగ్ మాల్ పాతబడితే పడగొట్టి ఇంకోటి కట్టొచ్చు. గోల్కొండ కింద ఉన్న గ్రానైట్ గుట్ట వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కోట కట్టినవాళ్లు ఆ బండలను పగలగొట్టి పారేయలేదు, చాలాచోట్ల గోడల్లోనే కలిపేసుకున్నారు. ప్రకృతి ఎక్కడ ఆగిందో, మనిషి పని ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. చూసేవాళ్లను ఆపేది అదే.

కానీ జనం ఇష్టపడినంత మాత్రాన కట్టడం నిలబడదు. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావ్లీ 2013 వానలకు కొంత భాగం కూలిపోయింది. 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది. రెండూ పేరున్న కట్టడాలే.

సరైన పని జరిగితే ఏమవుతుందో సాత్ గుంబద్ చూపించింది. ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013లో మొదలుపెట్టిన పని పూర్తయి, 2024 జూలై 28న ఈ హెరిటేజ్ పార్క్ ప్రారంభమైంది. 106 ఎకరాల్లో వందకు పైగా కట్టడాలు బాగుపడ్డాయి. గత శతాబ్దంలో గుంబదులపై పూసిన సిమెంటును తొలగించి, మళ్లీ సున్నం గచ్చు వేశారు. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. తారామతి, ప్రేమామతి సమాధుల పనికి అమెరికా రాయబారుల నిధి నుంచి డబ్బు వచ్చింది. ఇక్కడి బావ్లీల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు దక్కింది.

అయితే సమాధుల ఆవరణలో కాపురాలు లేవు. గోల్కొండ అలా కాదు. బయటి ప్రాకారం లోపల గల్లీలు, మసీదులు, దుకాణాలు, తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు ఉన్నాయి. అసలు చిక్కు అక్కడే.

2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. నిషేధిత పరిధిలో ఉన్న పాత ఇంటి రిపేరుకూ పర్మిషన్ కావాలి. నియమం అవసరమే. అది లేకపోతే కోట చుట్టూ అంతస్తులు లేచి, కోటే కనిపించదు. కానీ పైకప్పు కారుతున్న రోజుకూలీకి ఆ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఏ కాగితాలు పెట్టాలో చెప్పేవాళ్లు కావాలి. లేదంటే సొంత కోటే పరాయిది అవుతుంది.

గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలోనే ఉన్నాయి. రామప్ప గుడికి 2021 జూలైలో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆ హోదాకు కట్టడం అందం ఒక్కటే సరిపోదు. చుట్టుపక్కల పరిసరాలను ఎలా కాపాడతారో కూడా చూపించాలి. అంటే గల్లీ జనాన్ని పక్కనపెట్టి ఆ హోదా తెచ్చుకోవడం కష్టం.

చేయదగ్గ పనులు పెద్ద ఖర్చువి కావు. రిపేర్ల దరఖాస్తులకు కోట దగ్గరే ఉర్దూ, తెలుగులో సాయం చేసే కౌంటర్ పెట్టొచ్చు. సున్నం గచ్చు పనిలో స్థానిక యువతకు శిక్షణ ఇవ్వొచ్చు. టికెట్ ఆదాయంలో కొంత గల్లీల డ్రైనేజీకి కేటాయించొచ్చు. వానొస్తే కోట గోడకు పగులు వచ్చిందని ముందుగా చూసేది టూరిస్టు కాదు, ఆ గోడ పక్కన పడుకునేవాడు. అతనికి కోట నిలబడితే లాభం ఉండాలి. సాత్ గుంబద్ తర్వాత లెక్క తేలాల్సింది అక్కడే.